కాసుల పేరు, మనిషి పేరు

మొన్న డిసెంబరు సెలవులకి మా చెల్లెలి కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. పెట్టె విప్పితే చాక్లెట్లు, సబ్బులు, వాళ్ళమ్మ పంపిన దుప్పటి, వాటి అడుగున మూడు ముక్కలుగా విడదీసిన ఒక కర్ర. చివర పళ్ళెం అంత గుండ్రటి చక్రం.

"ఇదేంట్రా, గడ్డి కోసే మిషనా?" అన్నాను.

"కాదు పెద్దమ్మా, మెటల్ డిటెక్టర్. మా ఊళ్ళో పార్కుకి తీసుకెళ్తా. నాణేలు దొరుకుతాయి, ఒక్కోసారి ఉంగరాలు కూడా" అన్నాడు వాడి ముద్దు ముద్దు తెలుగులో.

వాడికి పంతొమ్మిదేళ్ళు. శని, ఆదివారాల్లో పిల్లలు ఆడుకునే చోట, జనం చాపలు పరుచుకుని కూర్చునే చెట్ల కింద ఈ కర్ర ఊపుకుంటూ తిరుగుతాడట. ఎవరిదైనా పెళ్ళి ఉంగరం పడిపోతే వెతికిపెడతాడట కూడా. పార్కులన్నిటికీ ఒకే నియమం ఉండదనీ, ముందు అనుమతి అడిగి తెలుసుకోవాలనీ, అక్కడి నేషనల్ పార్కుల్లో అయితే అసలు వాడనివ్వరనీ చెప్పాడు. వాడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఏ తేదీన, ఎక్కడ, ఎంత లోతులో, ఏం దొరికిందో అన్నీ రాసుకుంటాడు. సీసా మూత దొరికినా రాస్తాడు. ఆ పుస్తకం నాకు బాగా నచ్చింది. మన ఇళ్ళలో పాల లెక్క తప్ప ఇంకేదీ అంత శ్రద్ధగా రాయం కదా!

ఆ మిషను ఎలా పనిచేస్తుందో వాడు మా డైనింగ్ టేబుల్ మీద నా గాజులు పెట్టి చూపించాడు. చక్రంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ పరిధిలోకి లోహం వస్తే ఆ లోహంలో చిన్న కరెంటు సుళ్ళు తిరుగుతుంది. ఆ సుళ్ళను పసిగట్టి మిషను కూస్తుంది. టెలిఫోను కనిపెట్టిన గ్రహాంబెల్ 1881లోనే ఇలాంటిది తయారుచేశాడు. అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తుపాకీ గుండు ఎక్కడుందో కనిపెట్టడానికట. గుండు దొరకలేదు, అధ్యక్షుడు బతకలేదు. పరుపు కింద ఉన్న ఇనప స్ప్రింగులు మిషనును తికమక పెట్టాయని తర్వాత చెప్పుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే సూత్రంతో నేలలో పాతిన మందుపాతరలు వెతికారు. యుద్ధం అయ్యాక అది సరదాగా వెతికేవాళ్ళ చేతికి వచ్చింది.

"పెద్దమ్మా, బిక్కవోలు గుడి దగ్గరే కదా, రేపు అక్కడ వెతుకుదామా?" అన్నాడు.

నా గుండె గుభేలుమంది. బిక్కవోలు మా రాయవరానికి దగ్గరే. తూర్పు చాళుక్యుల గుళ్ళున్న ఊరు. గుణగ విజయాదిత్యుడి బిరుదు మీదే ఆ ఊరికి పేరు వచ్చిందంటారు. "బాబూ, గుళ్ళ దగ్గర ఆ కర్ర పట్టుకుని తిరిగితే నిన్నూ నన్నూ కలిపి పోలీసు స్టేషన్లో కూర్చోబెడతారు" అన్నాను. గుప్తనిధుల కోసం పాత గుళ్ళలో నంది విగ్రహాలు పగలగొట్టారనీ, అర్ధరాత్రి పూజలు చేసి తవ్వారనీ మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం 1958 నాటి చట్టం ప్రకారం నేరం.

వాడు నిరాశపడ్డాడు. అప్పుడు మా అత్తయ్యగారు, అప్పటిదాకా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉన్నావిడ, తల ఎత్తకుండానే అన్నారు: "మన పాత దొడ్లో వెతకమను. అది మనదే కదా."

ఎందుకన్నారో నాకు అర్థమైంది. వాడికి అర్థం కాలేదు. ఆ సంగతి కాసేపాగి చెప్తాను. ముందు ఆ రాత్రి నేను పాత పుస్తకాలు తీసి చదువుకున్నవి, వాడు ఫోనులో చూపించినవి మీతో పంచుకోవాలి. లేకపోతే ఈ దొడ్డి కథ మా ఇంటి కథగానే మిగిలిపోతుంది.

మనం చిన్నప్పుడు విన్న కథల్లో లంకెబిందెలు ఉండేవి గుర్తుందా? గొలుసుతో కలిపిన రెండు బిందెలు, నిండా బంగారం, పైన కాపలాకి పాము. ఆ కథల్లో బిందెలు ఎవరికో దొరుకుతాయి. వాటిని ఎవరు దాచారో, ఏ భయంతో దాచారో, తిరిగి వచ్చి ఎందుకు తీసుకోలేకపోయారో ఏ కథా చెప్పదు. నిజానికి అడగాల్సింది అదే.

పల్లెలకి బ్యాంకులు వచ్చి ఎంతకాలమైంది చెప్పండి? 1969లో ఇందిరాగాంధీ 14 బ్యాంకుల్ని జాతీయం చేశాకే చాలా ఊళ్ళు బ్యాంకు బోర్డు చూశాయి. అంతకుముందు గాదె అడుగునో, పొయ్యి వెనకో, దేవుడి గది గోడలోనో దాచుకోవడమే. అదీ ముఖ్యంగా ఆడవాళ్ళ సొత్తు. పొలం మగవాళ్ళ పేరున ఉండేది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాకే ఆడదానికి వచ్చిన ఆస్తి మీద పూర్తి హక్కు వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా ఒంటి మీద ఉన్నదే ఆమె ఆస్తి, అదే ఆమె బ్యాంకు. అందుకే మన పెద్దవాళ్ళు ఒక్క ముక్కుపుడక పోతే వారం రోజులు అన్నం మానేసేవారు.

నాణెం, నగ అని మనం రెండు మాటలు అంటాం గానీ ఆడవాళ్ళ దగ్గర ఆ రెండూ ఒకటే. కాసుల పేరు చూడండి. కాసు అంటే నాణెం. ఇప్పటికీ మా గోదావరి జిల్లాల్లో బంగారం కాసుల్లోనే కొలుస్తాం, కాసంటే ఎనిమిది గ్రాములు. పేరు అంటే ఇక్కడ దండ, వరస. ముత్యాల పేరు అన్నట్టు. నాణేలను దండ గుచ్చి మెడలో వేసుకుంటే కాసుల పేరు. డిగ్రీలో తెలుగు చదువుకున్న రోజుల్లో నిఘంటువులో ఈ అర్థం చూసి భలే ముచ్చటపడ్డాను. ఒకే మాటకి దండ అనీ అర్థమే, మనిషి నామమనీ అర్థమే.

ఈ గుచ్చుకోవడం నిన్నా మొన్నటిది కాదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు కొండ పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. మద్రాసులో గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ ఈ సంగతి ఉత్తరంగా రాస్తే అది ఏషియాటిక్ రీసెర్చెస్ అనే సంపుటంలో అచ్చయింది. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాణేలు, ఫాస్టినా అనే మహారాణి బొమ్మ ఉన్న నాణేలు అందులో ఉన్నాయట. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయి. కొన్ని అరిగిపోయి, చిల్లులు పొడిచి ఉన్నాయి, మెడలోనో చేతికో కట్టుకున్నట్టు. అంటే రోము మహారాణి మొహం ఉన్న కాసుని మన నెల్లూరు వైపు ఎవరో మెళ్ళో వేసుకుని తిరిగారన్నమాట! ఆమె పేరేమిటో, ఏ ఇంటి కోడలో మనకు తెలియదు. ఆ రైతు పాపం వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా కల్పించుకుంటే ముప్పైకి పైగా మాత్రం మిగిలాయి.

మా గోదావరి కథ ఇంకోటి. నన్నయగారు భారతం రాసింది రాజరాజ నరేంద్రుడి కోసమని మనందరం బళ్ళో చదివాం. ఆ రాజు వేయించిన బంగారు నాణెం మీద మధ్యలో వరాహం, చుట్టూ తెలుగు కన్నడలకు ఉమ్మడిగా ఉన్న ఆనాటి లిపిలో ఆయన పేరు, పాలన సంవత్సరం ఉంటాయి. ఆయన పెదనాన్న శక్తివర్మ నాణేల మీద చాళుక్యచంద్ర అనే బిరుదు ఉంటుంది. ఈ నాణేలు ఎక్కడ దొరికాయనుకున్నారు? బర్మాలో అరకాన్ తీరాన ఉన్న చెదూబా దీవిలో! మన తీరం నుంచి ఓడలు అక్కడికి వెళ్ళాయని చెప్పే సాక్ష్యం ఆ పల్చటి బంగారు రేకులే. ఇటు మన ధవళేశ్వరంలో కూడా తూర్పు చాళుక్యుల, చోళుల బంగారు నాణేలు కలిసి ఒకేచోట దొరికితే, వాటి మీద మద్రాసు మ్యూజియంవాళ్ళు ప్రత్యేకంగా ఒక పుస్తకం వేశారు. చాళుక్యులూ చోళులూ వియ్యమందిన సంగతి మనకి తెలుసు. రాజరాజ నరేంద్రుడి భార్య అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురే. రెండు వంశాల నాణేలు ఒక్కచోట కనపడ్డాయంటే నాకు ఆ పెళ్ళే గుర్తొస్తుంది. అదే కంసాలి మూసలోకి వెళ్ళి ఉంటే వాటికీ ఒక ముద్ద బంగారానికీ తేడా ఉండేది కాదు.

దొరికినదాని విలువ దాని బరువులో కంటే అది దొరికిన చోటులో ఎక్కువ ఉంటుందని నాకు అర్థమయ్యేలా చెప్పింది మా వాడే. ఇంగ్లండులో సఫోక్ ప్రాంతంలో హాక్స్‌నీ అని ఒక పల్లె. 1992 నవంబరులో అక్కడి రైతు సుత్తి ఒకటి పొలంలో పోయింది. ఎరిక్ లాస్ అనే స్నేహితుడు, ఉద్యోగం నుంచి రిటైరైనప్పుడు బహుమతిగా వచ్చిన మెటల్ డిటెక్టరు పట్టుకుని సుత్తి వెతకడానికి వెళ్ళాడు. వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు బయటపడ్డాయి. ఆయన ఆశపడి మొత్తం తవ్వేయలేదు. ఆపేసి కబురు చేశాడు. మర్నాడు పురావస్తు శాఖవాళ్ళు వచ్చి ఏది ఎక్కడుందో అలాగే గుర్తించి తీశారు. దాదాపు 15 వేల రోమను నాణేలు, 200 దాకా నగలూ వెండి సామానూ! చెక్క పెట్టె పుచ్చిపోయినా, లోపల ఏ వస్తువు ఏ మూల సర్దారో తెలిసింది. బహుమతిగా వచ్చిన 17 లక్షల 50 వేల పౌండ్లను ఆయన రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

వాటిలో ఒక గాజు ఉంది. దాని మీద జల్లెడలా చిల్లులు పొడిచి అక్షరాలు చెక్కారు. జూలియానే అనే ఇల్లాలిని, దీన్ని సుఖంగా పెట్టుకో అని దీవించే మాటలు. పదహారు వందల ఏళ్ళ కిందట ఎవరో ఆమెకు ప్రేమగా ఇచ్చినది. అదే మూటలో మిరియాల పొడి జల్లుకునే వెండి డబ్బాలు నాలుగున్నాయి. మిరియాలు మన దేశం నుంచి వెళ్ళినవే. నెల్లూరు కుండలో రోము బంగారం, రోము పెట్టెలో మన మిరియాల డబ్బా! కాకపోతే అక్కడి గాజుకి ఒక పేరు మిగిలింది. మన నెల్లూరు కాసుకి పేరు లేదు.

మన దగ్గర పార్కుల్లో ఇలా వెతికేవాళ్ళు కనబడరు గానీ ఉప్పాడ తీరం ఉంది. జాందానీ చీరలకి మనందరికీ తెలిసిన ఊరే. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత అక్కడ ఇసుకలో బంగారు పూసలు, ముక్కలు దొరుకుతున్నాయని ఊరు ఊరంతా సముద్రం ఒడ్డునే ఉంది. ఆడవాళ్ళు, పిల్లలు వంగి ఇసుక తవ్వుకుంటున్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి. ఆ బంగారం సముద్రం కన్నదేం కాదు. ఏళ్ళ తరబడి అక్కడ కడలి కోతకి ఇళ్ళూ గుళ్ళూ కూలిపోయాయి. ఒకరి కొంప మునిగితే వచ్చిన బంగారమే ఇంకొకరి దోసిట్లోకి వచ్చింది. దొరికినవాళ్ళని తప్పుపట్టను, చేపలు లేని రోజున అదీ బువ్వే. కానీ ఆ పూస ఒకప్పుడు ఎవరి మెళ్ళోదో అని తోచకుండా ఉండదు.

సరే, మా దొడ్డికి వస్తాను.

1974లో మా అత్తయ్యగారికి రెండో కానుపు. ఇరవై మూడేళ్ళు ఆవిడకి. పుట్టింటివారు పెట్టిన రాళ్ళ దుద్దులు ఒక జత ఉండేవి. పురుడయ్యాక కొన్నాళ్ళకి తలంటు పోసుకుని వచ్చి అద్దంలో చూసుకుంటే ఒక చెవికి దుద్దు లేదు. ఇల్లంతా వెతికారు. ఆ సమయంలో దొడ్లో ఉన్నది అంట్లు తోమే ఆవిడ ఒక్కతే. ఎవరూ దొంగ అనలేదు. "రేపటినుంచి రానక్కర్లేదు" అన్నారంతే. ఊళ్ళో ఆ మాటకి అర్థం ఏమిటో అందరికీ తెలుసు. ఆవిడని మళ్ళీ ఏ ఇంట్లోనూ పెట్టుకోలేదు. నాట్లకీ కోతలకీ వెళ్ళి పిల్లల్ని పెంచింది. మా ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చెరువు గట్టు చుట్టూ తిరిగి వెళ్ళేదట. తొమ్మిదేళ్ళ కిందట పోయింది. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు, కారణం మీకు తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే మా వాడు మొదలుపెట్టాడు. పాత మండువా ఇల్లు ఎప్పుడో తీసేశాం గానీ దొడ్డి అలాగే ఉంది. నుయ్యి పూడ్చిన చోట, అంట్లు తోమిన బండ చుట్టూ, గాదె ఉన్న చోట తిరిగాడు. మేకులు, విరిగిన కొడవలి, ఎద్దు కాలి నాడా, ఇత్తడి చెంబు మూతి. మావారు కుర్చీ వేసుకుని చూస్తూ "లంకెబిందెలు దొరికితే చెప్పరా" అని నవ్వుతున్నారు. మూడో రోజు, తాటాకు దడి కట్టి స్నానాలు చేసే చోట మిషను గట్టిగా కూసింది. జానెడు లోతున రాగి రంగు బిళ్ళ, మధ్యలో చిల్లు. చిల్లు కానీ! 1944 అని ఉంది. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 దాకా చిల్లుతో పోశారు వాటిని. రూపాయికి అరవై నాలుగు. పిల్లల మొలతాడుకి కట్టేవారు కూడా.

వాడు పుస్తకంలో రాసుకుంటుంటే నేను అలవాటుకొద్దీ ఆ మట్టిని పిండి జల్లెడలో వేశాను. గులకరాళ్ళ మధ్య మిరపగింజంత మెరుపు కనిపించింది. వేలితో తీస్తే దుద్దు వెనక తిప్పే మర. రాళ్ళ దుద్దు కోసం సాయంత్రం దాకా తవ్వాం. దొరకలేదు. స్నానాల నీళ్ళు పారే కాలువలో ఏనాడో కొట్టుకుపోయి ఉంటుంది.

అత్తయ్యగారు ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి ఇనప్పెట్టెలో గుడ్డలో చుట్టి ఉంచిన ఒంటి దుద్దు తెచ్చారు. ఇన్నేళ్ళూ దాన్ని కరిగించనివ్వలేదు, ఎవరికీ ఇవ్వలేదు. మట్టి కడిగిన మరని దాని కాడకి పెట్టి తిప్పారు. బిగుసుకుంది. ఒకటికి రెండుసార్లు తిప్పి చూశారు. "నూనె చేత్తో చెవి రుద్దుకున్నాను. అదే ఊడిపోయింది" అన్నారు. కాసేపటికి మళ్ళీ, "నేనే వెతకలేదు అమ్మాయ్. పాకలో ఉన్నదెవరు అని అడిగానుగానీ నేను నిలబడ్డ చోట వెతకలేదు."

మర్నాడు నన్ను తోడు తీసుకుని ఆ అంట్లావిడ కూతురి దగ్గరికి వెళ్ళారు. ఆమె సెంటర్లో టిఫిన్ బండి పెట్టుకుంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. అత్తయ్యగారు మర అరచేతిలో పెట్టి చూపించి జరిగింది చెప్పారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు పెనం వైపే చూసింది.

"మా అమ్మ ఇనాల్సిన మాట అండీ ఇది" అంది. తర్వాత, "నాకొక్కదానికీ చెప్తే ఏం లాభమండీ? పొద్దున్న ఏడింటికి రండి. నలుగురూ ఉంటారు. అప్పుడు చెప్పండి" అంది.

డెబ్భై అయిదు దాటిన మనిషి, ఇంటి గడప దాటి గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, మర్నాడు పొద్దున్నే ఇడ్లీలు తింటున్న పాతికమంది మధ్య నిలబడి, ఆ చనిపోయినావిడ పేరు పెట్టి, "ఆవిడ తియ్యలేదు. తప్పు మాది" అన్నారు. కొందరు కుర్రాళ్ళకి అదేమిటో కూడా అర్థం కాలేదు. ముసలివాళ్ళకి అర్థమైంది. ఒకాయన చెయ్యి కడుక్కుని వచ్చి ఆ కూతురి తల మీద చెయ్యి వేసి వెళ్ళాడు. ఆమె మాకు డబ్బు తీసుకోకుండా కాఫీ ఇచ్చింది. క్షమించానని అనలేదు. మేమూ అడగలేదు. ఎవరిదో తీసిన పేరుని తిరిగి ఇచ్చే హక్కు అత్తయ్యగారిదే కాబట్టి నేను ఇక్కడ ఆ పేరు రాయలేదు.

ఇంకో సంగతి మీకు పనికొచ్చేది. ఇల్లు కట్టడానికి పునాది తవ్వుతుంటేనో, కొబ్బరి మొక్క పాతుతుంటేనో పాత నాణేలో నగలో బయటపడితే ఏం చెయ్యాలి? 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాచి ఉన్నది దొరికి, విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నది రాయాలి. చెప్పకుండా దాచుకుంటే రావాల్సిన వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా. చెబితే విచారణ చేస్తారు. హక్కుదారులెవరూ లేరని తేలి, వేరే ఒప్పందం లేకపోతే దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం సొంతదారుకి ఒక వంతు అని ఆ చట్టం చెప్తుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకి అయిదో వంతు కలిపి ఇవ్వాలి. నూరేళ్ళు దాటిన వస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం వేరే ఉంది. కాబట్టి చింతపండు పెట్టి తోమకండి, కంసాలి దగ్గరికి పరిగెత్తకండి. దొరికిన చోటు ఫొటో తీసి, తహసీల్దారుకి కబురు పెట్టండి. చోటు పోతే కథ పోతుంది.

మా వాడు వెళ్ళేముందు తన పుస్తకంలో ఆ మర గురించి రాశాడు. తేదీ, రాయవరం, జానెడు లోతు, చిల్లు కానీ పక్కన. "ఇంకేమైనా రాయాలా పెద్దమ్మా?" అన్నాడు. అత్తయ్యగారు ఆ పుస్తకం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, తన పేరు ఒకటి, దాని కింద ఆవిడ పేరు ఒకటి తెలుగులో రాశారు.

నేనూ ఒక పాత డైరీ తీశాను. మా ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ, నాది, అత్తయ్యగారిది, అమ్మది, ఎవరు పెట్టారో, ఏ సందర్భంలోనో రాస్తున్నాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి. మీరూ ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రాయండి. మీ అత్తగారిని, అమ్మని అడిగి రాయండి. వాళ్ళు ఉండగానే.